పట్టా ఇంటావిడ పేరు మీద ఉంది, మరి పైపు ఎవరి పేరు మీద ఉంది?

తెలంగాణలో ప్రభుత్వం పేదలకి కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం కాలనీల్లో, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టిన బ్లాకుల్లో కింద మెట్ల దగ్గర మీటర్ బోర్డుల పక్కన చూస్తే చాలాచోట్ల ఒక నోటుబుక్ కనిపిస్తుంది. మేకుకి దారంతో కట్టి ఉంటుంది, పెన్ను కూడా దారంతోనే. ఎడమవైపు ఫ్లాట్ నంబర్లు, పక్కన రెండొందలు మూడొందలు అని అంకెలు, కొన్నిటి ఎదురుగా టిక్కు, కొన్నిటి ఎదురుగా "వచ్చే నెల", కొన్నిటి ఎదురుగా ఒక్కటే మాట, "తాళం". వెనక పేజీల్లో ఖర్చులు: సంపు మోటార్ వైండింగ్, ట్యాంకర్, మెట్ల లైట్లు, డ్రైనేజీ తీసినోళ్లకి ఇచ్చింది. ఇది గవర్నమెంట్ కట్టిచ్చిన బిల్డింగ్, కానీ దాని లెక్కలు మాత్రం పొద్దంతా పనికి పోయొచ్చి వంట చేసుకుని రాత్రి తొమ్మిదింటికి తలుపు తలుపు కొట్టి వసూలు చేసే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల చేతిరాతలో ఉంటాయి.

ఆ నోటుబుక్‌ని చూసి గర్వపడాలి, అందులో అనుమానం లేదు. పేదోళ్లకి ఇల్లిస్తే పాడుచేసుకుంటారు అనే మాటకి అదే జవాబు. కాకపోతే "కాలనీవాళ్లు కలిసి చూసుకుంటున్నారు కదా" అని ఆఫీసులు మెల్లగా పక్కకి జరిగిపోతున్నాయి. జనం చేయగలిగింది ఎంతవరకు, చేయలేనిది ఎక్కడి నుంచి మొదలవుతుంది అనే గీత ఎవరూ గీయలేదు కాబట్టి అన్నీ జనం నెత్తినే పడుతున్నాయి. మెట్లు ఊడవడం, లైట్లు మార్చడం, మోటార్ వేయడం ఆపడం, ఇవి ఒక బ్లాక్ చేసుకోగలదు. మెయిన్ డ్రైనేజీ లైన్ వాటం తప్పితే, ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి పగులొస్తే, మురుగు నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) నడవకపోతే రెండొందల చందాలతో ఎన్నేళ్లు వసూలు చేసినా కాదు.

హైదరాబాద్ శివారు కొల్లూరునే చూడండి. 2023 జూన్ 22న ప్రారంభించారు, 117 బ్లాకులు, 15,660 ఫ్లాట్లు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు, ఒక్కో ఫ్లాట్ 560 చదరపు అడుగులు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా నిండితే అరవై వేల పైన జనం, అంటే ఒక చిన్న మున్సిపాలిటీ అంత ఊరు ఒకే కాంపౌండ్‌లో. కట్టించింది హైదరాబాద్ సిటీ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ, కానీ ఆ చోటు సంగారెడ్డి జిల్లాలో రామచంద్రాపురం మండలంలో ఉంది, ప్రారంభించిన రోజుకి జీహెచ్ఎంసీ హద్దుకి బయట. ఇళ్లొచ్చిన వాళ్లేమో సిటీలో వేరే వేరే నియోజకవర్గాల వాళ్లు. ఇలాంటి చోట డ్రైనేజీ పొంగితే ఎవరికి చెప్పాలి? కట్టిన ఇంజనీరింగ్ ఆఫీసుకి వెళ్తే మా పని అయిపోయింది అనొచ్చు, లోకల్ బాడీకి వెళ్తే మాకింకా అప్పగించలేదు అనొచ్చు, ఓటున్న నియోజకవర్గం ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే అది మా ఏరియా కాదు కదమ్మా అనొచ్చు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు, అదే అసలు బాధ. నిర్లక్ష్యం అంటే ఒక ఆఫీసర్ బద్ధకం అనుకుంటాం గానీ ఇక్కడ నిర్లక్ష్యం కాగితాల్లోనే కట్టేసి ఉంది.

లాటరీ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కలిసి ఉండటం అనేది అక్కడే దెబ్బతింటుంది. 2023 సెప్టెంబర్ 2న మొదటి విడతలో గ్రేటర్ హైదరాబాద్‌లో 11,700 ఇళ్లు పంచారు, ఎవరికి ఏ ఇల్లో కంప్యూటర్ డ్రాలో తేల్చారు. దాని మంచి దానికి ఉంది, లీడర్ల చుట్టూ బ్రోకర్ల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ డ్రా అంటే ఒకే బస్తీలో ఇరవై ఏళ్లు పక్కపక్కన బతికినోళ్లు ఒకరు ఆ చివరి బ్లాక్‌లో, ఒకరు ఈ చివర, మిగతావాళ్లు అసలు ఇల్లే రాక పాత బస్తీలోనే. బస్తీలో పిల్లాడిని పక్కింటి అక్క దగ్గర వదిలి పనికి పోయేవాళ్లు, కిరాణా కొట్టులో ఖాతా ఉండేది, పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉండేది, చిట్టీ ఉండేది, ఆపదొస్తే చేబదులు పుట్టేది. ఇవన్నీ కాగితం మీద లేని ఆస్తులు. ఫ్లాట్ ఖరీదు లక్షల్లో లెక్కేశారు గానీ ఇవి పోతే ఎంత పోయినట్టో ఎవరూ లెక్కేయలేదు.

సికింద్రాబాద్‌లో బోయిగూడ దగ్గర ఐడీహెచ్ కాలనీ దీనికి ఎదురు ఉదాహరణ. 2015 నవంబర్‌లో ప్రారంభించారు, 396 ఇళ్లు, డబుల్ బెడ్‌రూం పథకానికి నమూనా అని అప్పట్లో అందరూ చూసొచ్చిన చోటు. అక్కడ పాత ఇళ్లు తీసేసి ఆ స్థలంలోనే కట్టి పాతవాళ్లకే ఇచ్చారు, అంటే పాత ఇరుగుపొరుగే కొత్త ఇరుగుపొరుగు అయింది, పనికి పోయే దారి మారలేదు, రేషన్ షాపు మారలేదు, బడి మారలేదు. నమూనాగా చూపించింది ఉన్నచోటే కట్టడం, ఆ తర్వాత పెద్ద లెక్కలో కట్టినవి చాలావరకు ఊరి బయట. సిటీ లోపల స్థలం దొరకదు, దొరికినా బస్తీ ఖాళీ చేయించడం కష్టం అనే కారణాలు నిజమే, కానీ నమూనాలో పనికొచ్చిన అసలు సంగతినే వదిలేసి గోడల డిజైన్ మాత్రం తీసుకెళ్లినట్టయింది.

ముందు తరం గవర్నమెంట్ ఇళ్లకి ఈ సమస్య ఇంత లేదు, ఎందుకో చూస్తే విషయం అర్థమవుతుంది. హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీలో ఎల్‌ఐజీ, అంటే తక్కువ ఆదాయం వాళ్ల ఇల్లొచ్చినవాళ్లకి చిన్నదైనా నేల వచ్చింది. నీళ్లు రాకపోతే బోరు వేయించుకున్నారు, గోడ పగిలితే మేస్త్రీని పిలిపించుకున్నారు, కొడుకు పెళ్లికి పైన ఒక అంతస్తు వేసుకున్నారు. ఆఫీసు పట్టించుకోకపోయినా ఎవరి ఇంటిని వాళ్లు నిలబెట్టుకోగలిగారు. ఫ్లాట్‌లో అది కుదరదు, ఒకరి నేల ఇంకొకరి సీలింగ్. పై ఇంటి బాత్రూంలో జాయింట్ వదులైతే కింద ఇంటి వంటగదిలో చెమ్మ పడుతుంది, నెల తర్వాత పెచ్చులూడుతుంది, కింద ఇంటావిడ బియ్యం డబ్బా అటు నుంచి ఇటు జరుపుకుని పైకి వెళ్లి "అమ్మా మీ బాత్రూం కారుతోంది" అంటే పైవాళ్లు "మేమేం చేశామమ్మా, వచ్చినప్పటి నుంచీ అంతే" అంటారు. రెండు ఇళ్ల మధ్య గొడవలా కనిపిస్తుంది. నిజానికి గొడవ ఆ పైపు వేసినవాళ్లతో, కానీ వాళ్లు అక్కడ లేరు, కాబట్టి ఉన్నవాళ్లిద్దరూ ఒకరినొకరు అనుకుంటారు. కాలనీల్లో మనుషుల మధ్య పగలు అనుకునేవి చాలా మటుకు ఇలాంటి పైపు దగ్గరే పుడతాయి.

లిఫ్ట్ ఇంకో కథ. తొమ్మిదో అంతస్తు అనే మాటకి అర్థం లిఫ్ట్ ఆగిన రోజు తెలుస్తుంది. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా బరువు ఉంటుంది, డెలివరీ అబ్బాయి కింద దించి పోతాడు, అతన్ని తప్పుపట్టలేం. అప్పుడు నాలుగో అంతస్తు కుర్రాడు ఒకడు, ఆరో అంతస్తులో ఆటో నడిపే ఆయన ఒకడు, ఒక్కో రెండు అంతస్తులకి ఒకసారి ఆగి మెట్ల మీద పెట్టి ఊపిరి తీసుకుని పైకి చేరుస్తారు. మోకాళ్ల నొప్పులున్న ముసలామె ఆసుపత్రికి పోవాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దించుతారు, కుర్చీ చేతులు విరక్కుండా కింద నుంచి ఒకరు చెయ్యి ఆనించి దిగుతారు. ఇంత మంచితనం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. కానీ ఆ మంచితనం రోజూ వాడాల్సిన వస్తువు కాకూడదు. లిఫ్ట్ పని చేయడం ఆమె హక్కు, కుర్చీ పట్టుకోవడం పక్కింటివాళ్ల దయ, రెండోది ఉంది కదా అని మొదటిది ఆలస్యం చేయడం న్యాయం కాదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. కొల్లూరులో బ్లాక్‌కి సగటున 134 ఫ్లాట్లు పడతాయి. ఇంటికి నెలకి 300 అనుకుందాం, అందరూ కడితే 40,000 చిల్లర. పదింటిలో నాలుగు ఇళ్లు తాళమో, కట్టలేకపోవడమో అనుకుంటే 24,000. ఇందులోంచి కామన్ మీటర్ కరెంట్ బిల్లు కట్టాలి, లిఫ్ట్ సర్వీసింగ్ కాంట్రాక్ట్ కట్టాలి, ఊడ్చేవాళ్లకి, మోటార్ చూసే మనిషికి జీతం ఇవ్వాలి, చెత్త తీయించాలి. కామన్ మీటర్ బిల్లు ఆగితే లిఫ్టూ మోటారూ రెండూ ఒకేసారి ఆగుతాయి, అందుకే ఏ బ్లాక్ అయినా ముందు కరెంటే కడుతుంది, మిగతావి వెనక్కి పోతాయి, లిఫ్ట్ సర్వీసింగ్ మూడు నెలలు వెనక్కి పోతే నాలుగో నెలలో రోప్ దగ్గరో డోర్ దగ్గరో పెద్ద ఖర్చు తగులుతుంది. కట్టినవాళ్లకి "మేం కట్టి ఏం లాభం" అనిపించేది అప్పుడే. ఆ నెల నుంచి నోటుబుక్‌లో టిక్కులు తగ్గుతాయి.

ఇదే జనం వినాయక చవితికి చందా ఇవ్వరా అని కొందరు అంటారు. ఇస్తారు, సంతోషంగా ఇస్తారు, రెండు మూడు రోజుల్లో మండపం లేస్తుంది. ఎందుకంటే ఆ డబ్బు ఏమైందో తొమ్మిది రోజుల్లో కళ్ల ముందు కనిపిస్తుంది, విగ్రహం, ప్రసాదం, నిమజ్జనం లారీ, మిగిలింది ఎంతో కూడా అందరి ముందు చెప్తారు. మెయింటెనెన్స్ డబ్బు అలా కనిపించదు, నెలంతా మోటార్ నడిస్తే ఖర్చు పెట్టినట్టే అనిపించదు. అందుకే లెక్క బాగా నడిచే బ్లాకుల్లో ఒక పద్ధతి ఉంటుంది, ప్రతి నెలా మొదటి ఆదివారం వసూలు, ఖర్చు, మిగులు మూడూ ఒక కాగితం మీద రాసి లిఫ్ట్ పక్కన అతికిస్తారు, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. ఇది ఎవరో ట్రైనింగ్ ఇస్తే వచ్చింది కాదు, పొదుపు సంఘంలో పుస్తకం రాసి అలవాటైన ఆడవాళ్లు తెచ్చిన పద్ధతి. పట్టాలు కూడా ఎక్కువగా ఆడవాళ్ల పేరు మీదే ఉన్నాయి, సంఘాలు నడపడం వాళ్లకి తెలుసు, కాబట్టి కాలనీ అసోసియేషన్లు వాళ్ల చేతుల్లో ఉంటేనే నిలబడతాయని గట్టిగా చెప్పొచ్చు.

ఇక ఆఫీసుల వైపు. ఇళ్ల పథకాలన్నీ కట్టడానికి డబ్బిస్తాయి, నడపడానికి ఇవ్వవు, మూలం ఇదే. కేంద్రం ఇళ్ల పథకాలే చూస్తే 2001లో వాంబే వచ్చింది, 2005లో జేఎన్ఎన్‌యూఆర్ఎం వచ్చింది, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది, ఈ చివరిదాన్లో సిటీల్లో ఇలా కట్టే ఇంటికి కేంద్రం వాటా లక్షన్నర. ఆ లక్షన్నర ఇంటికి, ఆ ఇంటికి పదో ఏట రంగు వేయడానికి, ఇరవయ్యో ఏట పైపులు మార్చడానికి ఎవరి దగ్గరా పద్దు లేదు. కాలనీలో షాపులు కట్టి వాటి అద్దెలతో మెయింటెనెన్స్ నడుపుతాం అనే ఆలోచన డబుల్ బెడ్‌రూం కాలనీల్లో ఉంది, మంచి ఆలోచనే, కానీ షాపు అద్దెకి పోవాలంటే కాలనీ నిండాలి, కాలనీ నిండాలంటే నీళ్లూ లిఫ్టూ సరిగ్గా ఉండాలి, అంటే మొదటి మూడు నాలుగేళ్లు ఎవరో ఒకరు చేతి నుంచి పెట్టాల్సిందే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ప్రైవేట్ బిల్డర్ దగ్గర కొన్నవాళ్లకి రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం ఉంది, ఇల్లు చేతికొచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. గవర్నమెంట్ ఇచ్చిన ఫ్లాట్‌లో ఉన్నావిడ చేతిలో మామూలుగా సేల్ అగ్రిమెంట్ ఉండదు, అలాట్‌మెంట్ కాగితం ఉంటుంది. కాంట్రాక్టర్‌కి లోపాల బాధ్యత కాలం, అంటే లోపాలొస్తే తనే సరిచేయాల్సిన గడువు, ఉంటుంది నిజమే, కానీ ఆ అగ్రిమెంట్ ఆఫీసుకీ కాంట్రాక్టర్‌కీ మధ్య, అందులో ఆమె పేరు లేదు. పైగా ఆ కాలం మామూలుగా పని పూర్తయిన తేదీ నుంచి మొదలవుతుంది, జనం దిగిన తేదీ నుంచి కాదు. కట్టి ఏళ్ల తరబడి పంచకుండా ఉంచిన ఇళ్లలో జనం దిగి మొదటిసారి కుళాయి తిప్పేసరికి ఆ గడువు సగం పైన అయిపోయి ఉండొచ్చు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ పైపుల్లో నీళ్లు లేవు కాబట్టి లీకులు బయటపడలేదు, బయటపడే టైంకి అడిగే హక్కు లేకుండా పోయింది. మార్చాల్సింది చిన్నదే, గడువుని ఇల్లు అప్పగించిన రోజు నుంచి లెక్కించాలి అని టెండర్‌లో ఒక్క వాక్యం రాయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్ల కథ వేరే రకం. 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు సైజులు, కింద అంతస్తు మీద మూడు అంతస్తులు కట్టిన బ్లాకులు, మొత్తం 2.62 లక్షల ఇళ్ల లెక్క. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, 2019లో ఇంకోటి వచ్చి నిబంధనలు మార్చింది, 2024లో మళ్లీ మారింది. ఈ లోపల చాలా ఊళ్లలో గోడలు లేచి రోడ్లు, డ్రైనేజీ, నీళ్ల లైన్లు రాక బ్లాకులు తుప్పల మధ్య నిలబడిపోయాయి. పెద్ద సైజు ఇళ్లకి లబ్ధిదారు పేరు మీద బ్యాంకు లోన్ ఉంటుంది కాబట్టి తాళం చేతికి రాకుండానే వాయిదా కట్టమని నోటీసులొచ్చిన కుటుంబాలున్నాయి, అంటే ఉంటున్న ఇంటికి అద్దె, రాని ఇంటికి వాయిదా. ప్రభుత్వాలు మారడం సహజం, కానీ సగం కట్టిన ఇల్లు ఎవరి హయాంలోది అనే లెక్క అందులో ఉండాల్సిన మనిషికి ఎందుకు.

విజయవాడలో జనం ఐక్యత, ఆఫీసుల నిర్లక్ష్యం అనే ఈ రెండు ముఖాలూ ఒకేసారి కనిపించిన రోజులున్నాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు ముంచేశాయి. కింద ఇళ్లవాళ్లు పై అంతస్తులకి, మేడల మీదకి చేరారు, కరెంట్ లేదు, తాగే నీళ్లు లేవు, చుట్టూ నడుం లోతు దాటి నీళ్లు. పడవల్లో, డ్రోన్లతో తిండి పంపాల్సి వచ్చింది. అవి అందేలోపు పై ఇళ్లలో ఉన్న బియ్యం, సిలిండర్ కిందవాళ్లకి కూడా సరిపెట్టుకోవాల్సిన పరిస్థితి. నీళ్లు తీశాక బురద తీసుకోవడం, తడిసిన పరుపులు పారేసుకోవడం కూడా ఒకరికొకరు సాయం పట్టుకునే. ఇదంతా అద్భుతమే. అయితే ఆ కాలనీలు అంత పల్లంలో ఎందుకున్నాయి, బుడమేరు దారి ఎందుకు ఇరుకైంది అనేది అక్కడ ఉన్నవాళ్లు నిర్ణయించింది కాదు. పేదల ఇళ్లకి చవకగా దొరికే స్థలం ఎక్కువగా నీళ్లు నిలిచే స్థలమో ఊరికి దూరం స్థలమో అవుతోంది, రెండిటి ఖర్చూ తర్వాత వాళ్లే కడుతున్నారు.

తాళం పడ్డ ఇళ్ల మీద ఆఫీసర్లు సర్వేలు చేస్తుంటారు, ఉండట్లేదు, అద్దెకిచ్చారు, రద్దు చేస్తాం అని నోటీసులిస్తుంటారు. అద్దెకివ్వడం నిబంధనకి విరుద్ధమే, అవసరమే లేని మనిషి ఇల్లు పట్టుకుని కూర్చుంటే అది ఇంకో పేదవాడికి అన్యాయమే. కానీ పాతబస్తీలో ఇళ్లలో పని చేసే ఆమెకి కొల్లూరులో ఇల్లొస్తే పొద్దున ఆరింటికి అక్కడ ఉండాలంటే ఎన్నింటికి లేవాలో చూడాలి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ, చార్జీ బాధ తీరింది, కానీ ఆ టైంకి బస్సు ఉండాలి కదా, పోనూ రానూ గంటలు ఎవరు వెనక్కిస్తారు. తాళం వెనక దురాశ ఉందో దూరం ఉందో తేల్చకుండా ఒకే నోటీసు పంపితే బ్లాక్‌లో వసూలు చేసే అక్కలకి కూడా ఏం ఉపయోగం ఉండదు.

దేశంలోనే వేరే దారులున్నాయి. తమిళనాడులో ప్రభుత్వ బోర్డు కట్టిన ఇలాంటి ఇళ్లలో మన ఇల్లు మన బాధ్యత అనే అర్థం వచ్చే పేరుతో ఒక పథకం పెట్టారు, ఇళ్లవాళ్లు అసోసియేషన్‌గా ఏర్పడి ఎంత వసూలు చేస్తే ప్రభుత్వం కూడా అంత కలుపుతుంది. జనం ఐక్యతకి బదులుగా ప్రభుత్వం తప్పుకోకుండా దాని పక్కన నిలబడే పద్ధతి ఇది, ఆ నోటుబుక్‌లో ప్రతి టిక్కుకీ రెట్టింపు విలువ వస్తుంది. సింగపూర్ అయితే 1988లోనే టౌన్ కౌన్సిళ్లకి చట్టం చేసింది, నెలనెలా కట్టే చార్జీలో కొంత భాగం లిఫ్టులు, పైకప్పులు మార్చే రోజు కోసం పక్కన పెట్టి ఉంచడం తప్పనిసరి. మన దగ్గర అంత ఆదాయం లేదు, అదే మోడల్ ఇక్కడ దించమని అడగలేం, కానీ పక్క రాష్ట్రం చేసింది మనం చేయలేమా.

అసోసియేషన్ రిజిస్టర్ చేసుకోమని చెప్పడం తేలికే, తెలుగు రాష్ట్రాల్లో 2001 సొసైటీల చట్టం కింద చేసుకోవచ్చు. అయితే రిజిస్ట్రేషన్‌తో పాటు చేతికి ఏం ఇస్తున్నారు అనేది చూడాలి. లిఫ్ట్ కంపెనీ అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉంది, కామన్ మీటర్ ఎవరి పేరు మీద ఉంది, ఫైర్ పైపుల్లో నీళ్లున్నాయని చివరిసారి ఎవరు చెక్ చేశారు, సంపు ఎన్ని లీటర్లు, డ్రైనేజీ ఎటు పోతుంది, ఇవేవీ తెలియకుండా సెక్రటరీ ట్రెజరర్ అని పదవులిచ్చి పంపితే వాళ్లు చేసేది తిట్లు తినడమే.

మరీ ముఖ్యంగా డ్రాయింగులు. టిడ్కో బ్లాకులు షియర్ వాల్ పద్ధతిలో కట్టారు, అంటే ఇటుక గోడ కాదు, గోడంతా కాంక్రీటే, బరువు మోసేది కూడా ఆ గోడే, కరెంటు పైపులు కాంక్రీటు పోసేటప్పుడే లోపల పెట్టేస్తారు. అందులో ఒక లైన్ ఎక్కడ పోతుందో తెలియని మేస్త్రీ వచ్చి ఇక్కడ కాదు అక్కడ అని మూడు చోట్ల కొడతాడు, కొట్టకూడని చోట కూడా కొడతాడు, పోయిన లైన్ దొరకదు, గోడ మాత్రం బలహీనపడుతుంది, మూడు వేలు పోతాయి. ఆ పైపు ఎక్కడుందో చూపించే డ్రాయింగ్ ఇంజనీరింగ్ ఆఫీసులో ఉండాలి, కట్టినప్పుడు గీయకుండా కట్టరు. దాని జిరాక్స్ తీసి లామినేషన్ చేయించి ఒక్కో బ్లాక్‌లో మీటర్ బోర్డుల పక్కన, ఆ నోటుబుక్ వేలాడే మేకు పక్కనే, అతికించడానికి వంద రూపాయలు కూడా అవదు. ఏ కొత్త పథకం, ఏ కొత్త బడ్జెట్ అక్కర్లేకుండా రేపు పొద్దున ఆఫీసు తెరవగానే చేయగలిగిన పని ఇది.